బంగారి పేరు ఇంకా నీళ్లలోనే ఉంది

పౌర్ణమి మర్నాడు

వాన నీళ్ల డ్రమ్ము సగానికి పైన ఉంది. తెప్ప కింద పీపాలకు పట్టిన గుల్ల గీకాను, ఒక వరస మిగిలింది. తూర్పు మూల కట్టు వదులైతే మా ఆయన బిగించాడు.

ఈ తెప్ప పుస్తకం మా అమ్మాయి బంగారి రాసేది. అది పోయాక రాసే దిక్కు లేక పడి ఉంటే నిన్న మా తెప్పల పెద్ద సింహాచలం బావ వచ్చి మందలించాడు. ప్రతి ఇంటికీ పుస్తకం ఉండాలి, తుపాను వెళ్లాక ఎవరి తెప్ప ఎక్కడ ఊడిందో దీన్ని బట్టే చూసుకుంటారు.

"నాది నాలుగో క్లాసు సదువు బావా" అన్నాను.

"నీళ్లు, పీపాలు, కట్లు. మూడు ముక్కలు రాయే అంటే నీకు పురాణం రాయమన్నట్టుందేటి?" అన్నాడు.

మూడు ముక్కలూ పైన రాశాను. కాగితం ఇంకా మిగిలింది.

పొద్దున పొయ్యి వెలిగించక ముందు నేను చేసే పని ఒకటుంది. పేర్లను పిలిచే పలక ఒళ్లో పెట్టుకుని బంగారి పేరు అడుగుతాను. అడిగితే అది పలుకుతుంది.

"నాను బంగారిని. నీళ్లలో ఉన్నాను. పైకొచ్చాక పలుకుతాను."

చివర చిన్న నవ్వు. పక్కనున్న వాళ్లెవరో నవ్విస్తే ఆపుకోలేక నవ్విన నవ్వు అది.

మునిగిన ఊళ్లో రాగి తీగ కోసుకు రావడానికి దిగే పిల్లలందరూ ఇలాగే ఒక మాట పెట్టుకుంటారు. కింద ఉన్నప్పుడు వాళ్లను పిలిస్తే పలకలేరు కదా, వాళ్ల బదులు పేరు పలుకుతుంది. మనిషిని పిలవాలన్నా పడవను పిలవాలన్నా ఇప్పుడు పేరుతోనే. ఆ పేర్లన్నీ గొలుసు అనే చిట్టాలో రాసి ఉంటాయి. గొలుసు నకలు ప్రతి తెప్పలో, ప్రతి పడవలో ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు చెరిపేద్దామంటే చెరగదు.

బంగారి వానాకాలానికి ముందు దిగింది. మునిగిన ఊళ్లో మేడల బయలనే చోట, ఒక పెద్ద మేడ పక్కన. గోడ కూలింది. తాడు పైకి వచ్చింది, పిల్ల రాలేదు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. గొలుసులో ఏదీ చెరగదు కాబట్టి ఉండిపోయిందనుకున్నాను.

తదియ

డ్రమ్ము అంతే. మిగిలిన వరస గీకాను. కట్లు బాగున్నాయి.

పొద్దున బంగారి మాట విని పలక మూస్తుంటే సింహాచలం బావ మళ్లీ వచ్చాడు. వెనకాల మా పక్క తెప్ప పోలయ్య. పోలయ్య అరచేతులు నాకు చూపించాడు, బొబ్బలు చితికి ఉన్నాయి.

"సూడొదినా. నాలుగు నెల్లు అయిపోనాది తెడ్డేసి. మా తాత కాలంలో కూడా ఇలగ తెడ్డేసుంటారో నేదో" అన్నాడు.

మేడల బయలు మీదికి పోయాక ఏ పడవ మోటారయినా స్టార్ట్ అయ్యే ముందు దిగే పిల్లల పేర్లన్నీ తనే అడుగుతుంది. ఒక్క పేరు నీళ్లలో ఉన్నానన్నా మోటారు తిరగదు. పంఖా తగిలి తాడు తెగకుండా పెట్టిన కట్టుబాటు అది. బంగారి పేరు ఉన్నానంటోంది. అందుకని ఊరంతా తెడ్లు వేస్తోంది. రాగి కట్టలు కిందే పడి ఉన్నాయి, చేతులతో లాగేంత బలం ఎవరికుంది?

"గొలుసులో రాసినది సెరగదు కదా బావా, నానేటి సెయ్యగలను?" అన్నాను.

బావ నా మొహం వంక చూశాడు. "ఒలే, నీకు తెలీదేటి? నీళ్ల మాట ఒక్క రోజే ఉంటాది. మర్నాడు పొద్దున్న మళ్లీ పెట్టకపోతే దానంతటదే పోద్ది. ఎవులో రోజూ పెడతన్నారు."

"ఎవులు?"

"నువ్వే అనుకున్నాం" అన్నాడు పోలయ్య.

వాళ్లు వెళ్లిపోయాక చేప ముక్కలు ఎండలో పరిచాను. కాకులు వచ్చి సగం ఎత్తుకుపోయినా తోలలేదు.

చవితి

డ్రమ్ము తగ్గింది. పీపాలు, కట్లు చూడలేదు.

మా ఆయన దానయ్య మోటార్లు బాగు చేస్తాడు. పడవ మోటారు పేర్లు ఎలా అడుగుతుందో తనకి తెలుసు. నాకూ చూపించమన్నాను.

"నీకెందుకే అయన్నీ?"

"నా కూతురు పేరు మావా. నాకు కాపోతే ఎవులికి?"

మోటారు పేర్లు అడగడానికి వాడేదాన్ని లైబ్రరీ అంటారట. లైబ్రరీ అంటే పుస్తకాలు పెట్టే చోటని చిన్నప్పుడు మా పంతులు చెప్పాడు. ఇది అది కాదు. ఎవరో తెలిసినవాళ్లు ముందే రాసి పెట్టిన పనిముట్ల పెట్టె. మనం సుత్తి తయారు చేసుకోనక్కర్లేదు, తీసి కొట్టడమే. నేను రోజూ వాడేది అందులో ఒక్క పనిముట్టు, పేరు చెబితే మాట వినిపించేది. పేరు ఎవరిదో అడిగేది వేరే ఉంది. ఎక్కడి నుంచి పలుకుతోందో అడిగేది ఇంకొకటి. నేను వేలితో ఒక్కో అక్షరం నొక్కుకుంటూ రాశాను:

పేరు("బంగారి").ఎవరిది()

నూకాలమ్మ అని వచ్చింది. నా పేరు. బిడ్డ పోతే పేరు తల్లికి వస్తుంది, అదంతా గొలుసే చేసుకుంటుందట. కళ్లు మసకబారితే తుడుచుకుని రెండోది రాశాను.

పేరు("బంగారి").గూడు()

గూడు అంటే ఏమిటో మా ఆయన చెప్పాడు. పేరు తనంతట తను పలకదు. ఫలానా గూడులో అడుగు అని చూపిస్తుంది. ఆ గూడులో ఏం పెట్టి ఉంటే అదే మనకు వినిపిస్తుంది. గూడు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ల చేతిలో ఉన్నట్టు.

జవాబు వచ్చింది. గూడు: కాసులమ్మది. చివరిసారి మాట పెట్టింది: ఈ రోజు పొద్దున.

కాసులమ్మ మా బంగారి తాడమ్మ. పిల్ల దిగినప్పుడు పడవలో కూర్చుని తాడు పట్టుకునే ఆడమనిషి. కన్నతల్లి పట్టకూడదు. కన్నతల్లికి భయం ఎక్కువ, తొందరపడి లాగేస్తుంది, లోతు నుంచి గబుక్కున లాగితే రక్తంలో గాలి బుడగలు పుట్టి పిల్ల దక్కదు. అందుకని దిగే ప్రతి పిల్లా వేరే ఒకావిడని తాడమ్మగా ఎంచుకుంటుంది. ఆవిడే పిల్లకు అన్నం పెట్టి దింపాలి, ఆవిడే జడ చుట్టి ముడి వేయాలి, ఆవిడే పేరులో నీళ్ల మాట పెట్టాలి, పైకి వచ్చాక తీయాలి.

ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో వాళ్లకు పిల్లలు లేరని నా నమ్మకం.

నేను పద్దెనిమిదేళ్లు పెంచాను. పదిహేనో ఏట నుంచి దాని జడ ఇంకొకావిడ వేసింది. పొద్దున్నే నేను గంజి కాచి పెడితే "కాసులమ్మ కాడ తినీసానే" అనేది. ఆవిడ చేపల పులుసులో మామిడికాయ వేస్తుందట, నాకు వేయడం రాదట. సాయంత్రం తల తుడుచుకుంటూ చెప్పే కబుర్లన్నీ ఆవిడవే. ఆవిడ ఏమన్నదో, ఎలా నవ్వించిందో. నేను ఊఁ కొట్టేదాన్ని.

ఇప్పుడు పిల్ల లేదు. లేని పిల్లను కూడా ఆవిడే పట్టుకుని కూర్చుంది.

పంచమి

ఏమీ చూడలేదు.

నీళ్ల పడవ వచ్చే వేళకు బిందె పట్టుకుని వెళ్లాను. కాసులమ్మ నా ముందు నిలబడి ఉంది. చిక్కిపోయింది. నాకంటే ఎక్కువ చిక్కిపోయింది, అది కూడా ఓర్చుకోలేకపోయాను.

"మా గుంట పేరులో నీకేటి పని?" అన్నాను, అందరూ వినేలాగే.

ఆవిడ బిందె దించింది.

"నిన్నే అడుగుతన్నాను. రోజూ పొద్దున్నే మాట పెడతన్నావట గదా. ఊరంతా తెడ్లేసుకు సస్తన్నారు. నన్ను తిడతన్నారు. ఎవులిని అడిగి పెట్టినావు?"

"అడగనేదు వదినా" అంది.

"దానికి నువ్వేటవుతావు?"

"ఏటీ అవ్వను" అంది.

అలా అంటుందని అనుకోలేదు. ఎదురు తిరిగితే పోట్లాడదామని వెళ్లాను. పడవ మనిషి పైపు పట్టుకుని ఇద్దరి వంకా చూస్తున్నాడు, నీళ్లు కారిపోతున్నాయి. వెనకాల ఎవరో "బేగి పట్టండమ్మా, మీ తగువుకి మా బిందెలు ఎండిపోతన్నాయి" అన్నారు. ఆవిడ బిందె నింపుకోకుండానే వెళ్లిపోయింది.

షష్ఠి

పీపాలు గీకాను. కట్లు బాగున్నాయి. డ్రమ్ము నిండింది, తెల్లారగట్ల వాన పడింది.

పేరు నాది. గూడు ఆవిడది. పేరుకు గూడు మార్చే హక్కు ఆ పేరు ఎవరిదో వాళ్లకే ఉంటుంది. లైబ్రరీలో ఆ పనిముట్టు కూడా దొరికింది. అడిగేవి ఎవరయినా వాడొచ్చు, మార్చేవి సొంతదారు వేలిముద్ర పెడితేనే పని చేస్తాయి.

మా ఆయన మోటారు విప్పుకుని కూర్చున్నాడు. "ఒలే నూకాలూ, ఆగు, ముందు..." అన్నాడు.

ఆగలేదు. నా పేరు మీద ఒక గూడు తెరిచాను. బంగారి పేరును కాసులమ్మ గూటి నుంచి తప్పించి నా గూటికి కట్టాను. బొటనవేలు పెట్టాను. నా పలక, నా వేలు, నా కూతురు. ఎంత హాయిగా ఉందో రాయలేను. దాని జడ నా చేతికి వచ్చినట్టుంది.

తరువాత బంగారి పేరు అడిగాను.

ఏమీ వినిపించలేదు.

మళ్లీ అడిగాను. "గూడు ఖాళీ" అని రాసి వచ్చింది.

"అదే సెప్పబోయినాను" అన్నాడు మా ఆయన. చేతికి గ్రీజు ఉంది, మొహం తుడుచుకుంటే మొహమంతా అయింది. "మాట పేరులో ఉండదే. గూట్లో ఉంటాది. కాసులమ్మ గూట్లో ఉన్నాది. నువ్వు పేరును ఒట్టుకొచ్చినావు, మాటను అక్కడే ఒదిలీసినావు."

"తెచ్చీలేమా?"

"ఆవిడ గూడు ఆవిడ తెరిస్తేనే."

అప్పుడు మేడల బయలు వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఒక మోటారు. తరువాత ఇంకొకటి. కాసేపటికి అన్నీ కలిసిపోయి సముద్రం మీద ఉరుము మోగినట్టయింది. జనం ఈలలు వేస్తున్నారు. పోలయ్య తన పడవలో నిలబడి తెడ్డును గాల్లోకి ఎగరేసి పట్టుకుంటున్నాడు. వాళ్ల సంతోషం వాళ్లది, తప్పు పట్టను.

నేను పలక పట్టుకుని అడుగుతూనే ఉన్నాను. గూడు ఖాళీ. గూడు ఖాళీ.

సప్తమి

కాసులమ్మ వచ్చింది. నేను వెళ్లలేదు, ఆవిడే వచ్చింది. కాళ్లు కడుక్కుని చాప మీద కూర్చుంది. నేను గంజి ఇచ్చాను, తాగింది. ఇంటికొచ్చిన మనిషికి గంజి ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చాను.

"నా కోసం పెట్టినావా ఆ మాట?" అని అడిగాను. రాత్రంతా అదే అనుకున్నాను. పిల్ల గొంతు తల్లికి వినపడాలని పెట్టిందేమో, నేనే పాపం చేశానేమో అని.

"నేదు వదినా. అబద్ధం ఎందుకు? నా కోసరమే పెట్టుకున్నాను" అంది. "మాట తియ్యడమంటే నాను గట్టిగా ఒక మాట అనాల. 'వొచ్చీసినాది' అనాల. తాడమ్మ అలగంటేనే పేరు ఒడ్డుకొస్తాది. నాను ఆ రోజు ఎంత తాడు లాగినాను, ఎంత లాగినాను! రాకుండా వొచ్చీసినాదని ఏ నోటితో అనమంటావు? అనకుండా ఒదిలీసినా మర్నాటికి దానంతటదే వొచ్చీసినాదని పడిపోద్ది, అందుకని మళ్లీ పెట్టినాను. మర్నాడు కూడా అనలేకపోయినాను."

"నాకు సెప్పొచ్చు గదా."

"సెప్తే నువ్వు అనీసుందువా?"

గంజి గిన్నె తీసి పక్కన పెట్టాను.

ఆవిడ తన పలక తీసి మా ఇద్దరి మధ్యన పెట్టింది. తన గూడు తెరిచింది. బంగారి పలికింది. నీళ్లలో ఉన్నాను, పైకొచ్చాక పలుకుతాను. నవ్వు.

"ఎందుకు నవ్వినాదది?" అన్నాను. నాలుగు నెలల నుంచి అడుగుదామనుకుంటున్న ప్రశ్న. "నువ్వేటన్నావు దానితోటి?"

కాసులమ్మ ఆ మాటను ఇంకోసారి వినిపించుకుంది.

"గుర్తు నేదు వదినా. ఎంత గుంజుకున్నా రాదు. ఏటో అన్నాను."

అని ఏడ్చింది. ఆవిడకీ తెలియదు. ఆ నవ్వు ఆవిడకీ దక్కలేదు. చెప్పకూడదు గానీ నాకు చల్లగా ఉంది లోపల. ఆ తరువాతే నాకు ఆవిడ మీద జాలి కలిగింది. వరస అదే.

"నా గూటికి ఇచ్చీ ఆ మాట" అన్నాను. "నీళ్ల మాటగా వొద్దు. మోటార్లు ఆగిపోతాయి. ఊరికే గొంతుగా ఇచ్చీ, దాసుకుంటాను."

ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ వేలు పలక మీద ఆగి ఆగి కదిలింది. తనకూ ఒకటి ఉంచుకుంటానని అడిగింది. వద్దనాలని నోటి దాకా వచ్చింది. ఉంచుకోమన్నాను. ఎంత కష్టమయిందో దేవుడికే తెలుసు.

పేరులో ఏం పెట్టాలి మరి? వొచ్చీసినాదని నేను కూడా అనను. అది రాలేదు. పాత కట్టుబాటులో రెండే మాటలు, నీళ్లలో, ఒడ్డున. నేను మూడోది నా గొంతుతో పెట్టాను: "బంగారి పలకదు. దాని అమ్మ నూకాలమ్మను మాట్లాడుతున్నాను. ఏం కావాలో నాకు చెప్పండి."

ఇకనుంచి బంగారి అని ఎవరు పిలిచినా నేనే పలుకుతాను. కాసులమ్మ విని తల ఊపింది. ఇది మాత్రం నాది ఒక్కదానిదే.

అమావాస్య వెళ్లిన రెండో రోజు

డ్రమ్ము నిండుగా ఉంది. పీపాలు శుభ్రం. పడమర కట్టు కొత్తది వేశాం.

బంగారి పేరుకు పిలుపు వచ్చింది. ఉత్తరపు తెప్పల అమ్మాయి, అసిరి. బంగారి పోయిన సంగతి దానికి తెలుసు. మొన్న పొరపాటున పిలిస్తే నా గొంతు పలికిందట, అందుకని ఈసారి కావాలనే పిలిచింది.

"పిన్నీ, నాను మేడల బయల్లో దిగుతాను. నాకు తాడమ్మ కావాల" అంది.

"కాసులమ్మ నేదేటి?"

"ఆవిడింక తాడు ముట్టనని సెప్పీసినాది. నీ దగ్గరకెళ్లమన్నాది. పేర్లు అడగడం, మార్చడం అన్నీ నీకు బాగా ఒచ్చునట గదా. నీకు..." అని ఆగింది.

నీకు దిగే పిల్ల లేదు కదా అనబోయి ఆగింది. దిగే పిల్ల ఉన్నావిడ తాడమ్మ కాకూడదు, ఆ కట్టుబాటు ప్రకారం సరిపోతాను.

వద్దన్నాను. మళ్లీ పిలిచింది. వద్దన్నాను. మూడోసారి పిలిచినప్పుడు ఏం తింటావే పొద్దున్నే అని అడిగాను.

చవితి

పీపాలు, కట్లు తరువాత రాస్తాను.

ఈ రోజు అసిరిని దింపాను. దాని పేరుకు నా గూడు కట్టాను, నీళ్ల మాట పెట్టాను. దాని అమ్మ పెంటమ్మ కూడా పడవలో వస్తానని పట్టుబట్టింది. తల్లి పడవలో ఉండకూడదని ఎక్కడా లేదు, తాడు పట్టకూడదనే ఉంది. రానిచ్చాను. నా ఎదురుగా కూర్చుంది. పిల్ల మునగగానే పలక తీసుకుంది. కూతురి పేరు అడిగింది. నీళ్లలో ఉన్నానని పలికింది. కాసేపటికి మళ్లీ అడిగింది. పేరు అదే చెప్పింది.

"శానా సేపయిపోనాది గదా అప్పా?" అంది నాతో.

"అవ్వనేదు."

"తాడు కదల్లేదు."

"కదిలినాది. నా సేతికి తెలుస్తాది."

"నీకెలగ తెలుస్తాది? నా కూతురది" అంది.

నా వేళ్ల మధ్య తాడు రెండు సార్లు మెల్లగా గుంజింది, బాగున్నాను అని. అది నాకు తెలిసింది, ఆవిడకు తెలియలేదు. ఆవిడ నా చేతుల వంకే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. నన్ను ముక్కలు చేసి సముద్రంలో వేసినా ఆ చూపు చల్లారదు.

ఉన్నట్టుండి వంగి తాడు మీద చెయ్యి వేసింది. లాగబోయింది.

ఆ చెయ్యి మీద గట్టిగా ఒక్కటి కొట్టాను. చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని నన్ను తిట్టింది, నోటికి వచ్చినవన్నీ తిట్టింది, బిడ్డను తినేసినదానా అని కూడా అంది. తిట్టనిచ్చాను. అప్పటికి పిల్ల ఇంకా కింద ఉంది.